పేకముక్కల గారడిలో మాటల నేర్పు

గత సంవత్సరము వార్షికోత్సవమున తొమ్మిదవ తరగతి బాలుడొకడు పేకముక్కలతో గారడి చేసెను. చేతిపనిలో లోపము లేదు. ప్రేక్షకుడు తలచుకొనిన ముక్కయే తుదకు బయటపడెను. అయినను చప్పట్లు రాలేదు. బాలుడు తల యెత్తక, "తలచుకోండి", "చూపండి", "ఇదేనా?" అను మూడు మాటలతో ఆట ముగించెను. వేదిక దిగివచ్చి, "తెలుగులో చెప్పల్లో కన్నడంలో చెప్పల్లో తెలీలేదు సార్" అని మాతో అనెను. ఆ మాటయే మాచేత ఈ వ్యాసము వ్రాయించుచున్నది. ఇంట నొక భాష, వీధిలో నొక భాష పలుకు మన పిల్లలు సభలో నిలిచినప్పుడు రెండింటిని మ్రింగి ఊరకుండుట మేము పలుమార్లు చూచితిమి.

పేకముక్కలనగానే తల్లిదండ్రులు నొసలు చిట్లింతురు. అది సహజమే, పేకాటవలన ఇల్లు గుల్లయైన కుటుంబములను ఎరుగనివారెవరు? కాని గారడిలో పందెము లేదు. ఇంట పేక ఉండరాదనువారు పాత పెండ్లిపత్రికల అట్టలను సమానముగా కత్తిరించి, వానిపై పండ్ల పేర్లు వ్రాసి యిచ్చినను ఆట సాగును. ముక్కలపై దేవతల చిత్రించుట మన దేశమున పాత అలవాటే. దశావతార గంజీఫాలో అవతారమునకు 12 చొప్పున 120 ముక్కలుండును. మైసూరు ప్రభువైన మూడవ కృష్ణరాజ ఒడెయరు (1794-1868) ఇట్టి ఆటలను మిక్కిలి ఆదరించెను.

ఆ బాలుడు చేసినది 21 ముక్కల ఆట. ముఖములు పైకి కనబడునట్లు, అడ్డముగా మూడేసి చొప్పున ఏడు వరుసలు పేర్చిన, ఏడేసి ముక్కలు గల మూడు నిలువు బారులు ఏర్పడును. ఒకరిని మనసులో ఒక ముక్కను తలచుకొని, అది ఏ బారులో నున్నదో మాత్రము చెప్పుమందుము. ఆ బారును తక్కిన రెంటి నడుమ నుంచి కట్టగా చేర్చి, మరల అట్లే పేర్చవలెను. మొదటిసారి చేర్చిన పిదప తలచిన ముక్క 8 మొదలు 14 వరకు గల స్థానములలో నుండును; రెండవసారి చేర్చిన పిదప 10, 11, 12లలో ఒకటి యగును. ఈ మూడు స్థానముల ముక్కలును మూడవసారి పేర్చునపుడు నాలుగవ అడ్డువరుసలోనే పడును. కావున మూడవసారి బారు చూపగానే, అందలి నడిమి ముక్క వారు తలచినదని మనకు తెలిసిపోవును. మరల నడుమ నుంచి చేర్చిన అది 11వది.

రహస్య మింతే. చిక్కెక్కడనగా, ముక్క వేయుటకు చేయి 63 సార్లు కదలును. చూచువారికి అది విసుగు. ఆ విసుగును పోగొట్టవలసినది మాట. "ఇప్పుడు మూడు బారులు వేస్తున్నాను" అనుట వ్యర్థము. కంటికి కనబడుచున్నదానిని చెవికి మరల చెప్పనేల? దానికి బదులు కథ చెప్పుడు. బారులకు చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి అని పేరిడి, "మా మామ ఒకాయన ఉన్నాడు. అప్పులవాళ్ళకు దొరకడు. ఈ పొద్దు ఏ ఊర్లో దాక్కున్నాడో మీకొక్కరికే తెలుసు" అని మొదలుపెట్టుడు. చిక్కబళ్ళాపురమన్నచో, "నందికొండ ఎక్కినాడేమో, దిగేదాకా ఆగుదాం." చింతామణియన్నచో, "కైవారంలో భజనకు కూర్చున్నాడు, లేపకూడదు." బాగేపల్లియన్నచో, "ఇంక ఒక్క అడుగు వేస్తే ఆంధ్రలోకి దాటేస్తాడు!" వారు ఏ ఊరు చెప్పుదురో మనకు ముందుగా తెలియదు గనుక ఊరికి రెండేసి మాటలు సిద్ధముగా నుండవలెను. ఒకే ఊరు రెండుసార్లు వచ్చిన, "ఇంకా అక్కడేనా? బస్సు తప్పినట్లుంది" అనవచ్చును. మా అనుభవమున సభ ఎక్కువగా నవ్వునది ఈ మాటకే.

19వ శతాబ్దపు ఫ్రెంచి ఇంద్రజాలికుడు రాబర్ట్ హూడిన్, గారడి చేయువాడు ఇంద్రజాలికుని వేషము ధరించిన నటుడని చెప్పెను. సిగ్గరియగు బాలునకు ఇది గొప్ప ఊరట. మాటలాడుచున్నది తాను కాదు, మామను వెదకు మేనల్లుడు.

ఇక భాష. ఆ బాలుడు మొదట, "ఇస్పేటు తలచుకోండి" అనెను. కన్నడిగుడైన పెద్దమనిషి ఎఱ్ఱముక్కను తలచుకొనెను. తప్పు ఆయనది కాదు. మనకు ఇస్పేటు నాలుగు రంగులలో ఒకటి. కన్నడమున ఇస్పీటు అనిన పేక అంతయు. కళావరు అను పేరు రెండు భాషలకును చెందినది. డచ్చి భాషలో దానిని క్లావర్ అందురు. డచ్చివారు 17వ శతాబ్దమున మచిలీపట్నమున వర్తకము చేసిరి. మాటలే ఇట్లు సరిహద్దులు దాటుచుండగా మనము దాటుటకు సంకోచమేల? కైవారము నారేయణ యతీంద్రులు తెలుగునను కన్నడమునను రచించిరి. అయితే ప్రతి వాక్యమును రెండు భాషలలో చెప్పిన ఆట చచ్చును. అడుగవలసిన ప్రశ్నను మాత్రము ఎదుటివారి భాషలో అడుగుడు: "యావ ఊరల్లిద్దానె హేళి?" కథ తెలుగులో సాగనిండు. హాస్యమును అనువదింపవలదు.

మూడవ జవాబు విన్నంతనే చూపు ముక్కలమీద నిలుపరాదు. తలయెత్తి ఎదుటివారి ముఖము చూడవలెను. అప్పుడు కొంచెము మౌనము. పిదప తలచిన ముక్క పేరు వారిచేతనే బిగ్గరగా చెప్పించి, తరువాత మనది తిప్పి చూపవలెను. "ఇదేనా?" అని అడిగిన, సంతోషము ఒక్కరిది, పేరు ముందే పలికించిన, సభ యంతటిది. ఎదుటివారు పొరబడి వేరు బారు చూపిన, ముక్క తప్పును. అప్పుడు ముఖము వ్రేలవేయక, "మా మామ మీకూ అప్పు ఎగ్గొట్టినాడా?" అని నవ్వి మరల మొదలుపెట్టవచ్చును.

మొదటి వాక్యము, చివరి వాక్యము మాత్రము కంఠస్థము చేయుడు. నడిమివి సొంతముగా రానిండు. ముందుగా ఇంట అవ్వ యెదుట, తరువాత తెలుగు రాని పొరుగువారి యెదుట అభ్యసింపుడు. ఒకే సభలో ఈ ఆట రెండుమార్లు చేయరాదు. ఎంత బలవంతపెట్టినను, మామ బస్సెక్కినాడని చెప్పి కట్టను సంచిలో వేసికొనవలెను.