ఒకే పడవ, వేర్వేరు పేర్లు

సరిహద్దు దగ్గర జరిగింది జరిగినట్టు రాయడమే విలేకరి పని, అందులో పక్షపాతానికి చోటెక్కడిదని చాలామంది నమ్మకం. అది అపోహ. 2014, 2015లలో మధ్యధరా సముద్రం దాటి వచ్చినవారి గురించి ఐదు యూరప్ దేశాల పత్రికలు ఏం రాశాయో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ కోసం కార్డిఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించారు. సముద్రం ఒకటే, పడవలూ అవే. జర్మనీ, స్వీడన్ పత్రికలు వాళ్లను ఎక్కువగా శరణార్థులన్నాయి, బ్రిటన్, ఇటలీ పత్రికలు మైగ్రెంట్లన్నాయి, స్పెయిన్ పత్రికలు ఇమ్మిగ్రెంట్లన్నాయి. శరణార్థి అని చదివితే దేని నుంచి పారిపోయి వచ్చాడో తెలుసుకోవాలనిపిస్తుంది. మైగ్రెంట్ అంటే ఇంకా ఎందరొస్తారోనన్న బెంగ ముందుకొస్తుంది. వార్తలో ఒక్క అబద్ధమూ లేకుండానే పాఠకుడి ప్రశ్న మారిపోతుంది.

ఆశ్రయం దరఖాస్తుపై తీర్పు రాకముందే శరణార్థి అనడం తొందరపాటు కాదా? తీసిపారేయదగ్గ అభ్యంతరం కాదిది. యుద్ధం తరిమినవాళ్లూ, పని వెతుక్కునేవాళ్లూ ఒకే పడవ ఎక్కుతారు. కానీ 1951 శరణార్థుల ఒడంబడికను వివరించే ఐరాస చేతిపుస్తకం ప్రకారం, గుర్తింపు దొరికినందువల్ల మనిషి శరణార్థి కాడు, శరణార్థి కాబట్టే గుర్తింపు దొరుకుతుంది. తీర్పుదాకా ఆ మాటను పక్కన పెట్టడమూ ఒకవైపు మొగ్గడమే. 2015 ఆగస్టులో అల్‌జజీరా మధ్యధరా వార్తల్లో ‘మైగ్రెంట్’ అనడం మానేసింది. అలా మానేస్తే, ఆకలికి ఊరొదిలినవాడు జాలికి తగడని ఒప్పుకున్నట్టేనన్న విమర్శ వచ్చింది. అది న్యాయమైన విమర్శే. మన పత్రికల్లోనూ జీతం కోసం అమెరికా వెళ్లినవాడు ఎన్నారై, జీతం కోసమే దుబాయ్ వెళ్లినవాడు వలస కూలీ. 2013లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ పెట్టుకున్న నియమం అల్‌జజీరా నిర్ణయం కన్నా నిలకడైనదని నా నమ్మకం: ‘చట్టవిరుద్ధం’ అన్న మాట చేసిన పనికి వాడాలి, మనిషికి కాదు.

పత్రికలు వాడే వలసల ‘వెల్లువ’ అన్న మాటకు అంకెలే ఆధారమన్నది మరో అపోహ. గ్రీస్‌లోని లెస్బోస్ దీవివాసులు ఆ మాటంటే కాదనలేం. లక్షమంది కూడా లేని ఆ దీవికి 2015లో సుమారు 5 లక్షలమంది చేరారు. యూరప్ మొత్తం మీద మాత్రం సముద్రం దాటి వచ్చినవాళ్లు 10 లక్షల పైచిలుకు, అప్పటి యూరోపియన్ యూనియన్ జనాభా సుమారు 50 కోట్లు. అంటే 500 మంది ఉన్న ఊళ్లోకి ఒక్కరు వచ్చిన లెక్క. అదే ఏడాది లెబనాన్‌లో పేరు నమోదైన సిరియన్ శరణార్థులే 10 లక్షలు దాటారు. అక్కడ నలుగురైదుగురిలో ఒకరు సిరియన్, వారిలో ఎందరో బెకా లోయ పొలాల్లో గుడారాల కింద బతికారు.