కట్టు విప్పారు... మరి నడకో?

బాత్రూమ్‌లో జారినా, బైక్ పక్కకు ఒరిగినా, మెట్లు అయిపోయాయనుకుని అడుగేసినా ముందు మడతపడేది చీలమండే. ఎముక విరిగితే పిండికట్టు వేస్తారు, లేదంటే ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు బిగిస్తారు. ‘ఆరు వారాలేగా’ అని ఇంటిల్లిపాదీ క్యాలెండర్‌లో తేదీకి సున్నా చుడతారు. తీరా కట్టు విప్పాక పేషెంటు నీరుగారిపోతాడు. పిక్క సన్నబడి ఉంటుంది. చర్మం పొట్టు పొట్టుగా రాలుతుంది. కాలు మంచం కిందికి వేలాడేస్తే కాసేపటికే ఊదారంగుకు తిరుగుతుంది. పాదం పైకెత్తమంటే వేళ్లు కదులుతాయి తప్ప చీలమండ దగ్గర చలనం ఉండదు. సాయంత్రానికి చెప్పు పట్టదు. కంగారొద్దు, ఇదంతా మామూలే. వాపు నెలల తరబడి ఉంటుంది.

విరిగిన ఎముకను సరిగ్గా అమర్చాలని మరీ ఇంత పట్టింపు ఎందుకంటే, మోకాలి కింది రెండు ఎముకలూ దిగువన కలిసి గూడులా ఏర్పడితే, అందులో టేలస్ అనే ఎముక బిగుతుగా కూర్చుంటుంది. అది ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, ఎముకలు ఒకదానికొకటి ఆనే మేర సగటున 42 శాతం తగ్గుతుందని 1976లో రామ్సే, హామిల్టన్ లెక్కగట్టారు. నాటువైద్యులు వేసే పుత్తూరు కట్టు మీద మనవాళ్ల నమ్మకం తరాల నాటిది, దాన్ని వెటకారం చేయను. కానీ కీలులోకి దిగిన పగులును చేత్తో తడిమి మిల్లీమీటర్ల లెక్కన సరిచేయలేం.

కట్టు బిగుతునూ తేలిగ్గా తీసుకోవద్దు. 1981లో బస్సు ప్రమాదంలో గాయపడ్డ నర్తకి సుధా చంద్రన్‌కు, కట్టు కింద చీలమండ దగ్గరి గాయం గ్యాంగ్రీన్‌గా మారి కాలే పోయింది. జైపూర్ కృత్రిమ పాదంతో మళ్లీ ఆడిన ఆమె కథే మన ‘మయూరి’ సినిమా. కట్టు ఉండగా వేళ్లు నీలిరంగుకు తిరిగినా, మొద్దుబారినా, పిక్కలో కొత్తగా నొప్పీ వాపూ వచ్చినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

కట్టు విప్పాక పాయా, నల్లేరు పచ్చడి పెట్టి ‘మంచం దిగొద్దు’ అంటారు ఇంట్లోవాళ్లు. పాయా తాగండి, తప్పులేదు. బిగుసుకున్న కీలు మాత్రం కదిపితేనే వదులవుతుంది. తువ్వాలు పాదానికి వేసి రెండు చేతులా మీవైపు లాగడం మొదటి పాఠం. బొటనవేలితో గాలిలో అ, ఆలు దిద్దడం రెండోది. మన అక్షరాలకు వంపులెక్కువ కాబట్టి కీలుకు అన్ని వైపులా పని పడుతుంది!

బరువు ఎప్పుడు, ఎంత మోపాలన్నది డాక్టరే చెప్పాలి. చేతికర్ర మంచి కాలి వైపు పట్టుకోవాలి. చాలామంది దెబ్బ తగిలిన వైపే పడతారు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. తర్వాత వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం. దీన్ని ఎగ్గొట్టినవారికి కాలు మళ్లీ మడతపడే ప్రమాదం ఎక్కువ.

నడక వచ్చిందనగానే వ్యాయామాలు ఆపేస్తాం. నా లెక్కలో అప్పటికి సగమే అయినట్టు. మనవాళ్లు కలుపు తీయాలి, పీట మీద కూర్చోవాలి, ఇండియన్ టాయిలెట్ వాడాలి. మడమలు నేలకానించి గొంతుక్కూర్చోవాలంటే చీలమండ మామూలు నడకకు కావాల్సినదానికన్నా చాలా ఎక్కువ వంగాలి. షుగరున్నవారికి ఎముక అతకడానికే ఆలస్యమవుతుంది, ఓపిక పట్టాలి.

కట్టు విప్పే రోజుకే ఫిజియోథెరపీ అపాయింట్‌మెంట్ పెట్టించుకోండి. కింద కూర్చుని పనిచేసేవారైతే ఆ మాట మొదటి రోజే చెప్పండి.