కస్తీడిష్: ఒక మాటలో రెండు భాషలు

అర్జెంటీనాలో, ముఖ్యంగా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో, స్థిరపడిన తూర్పు ఐరోపా యూదుల నోట స్పానిష్, యిడ్డిష్ కలగలిసిన మాటతీరును 'కస్తీడిష్' అంటారు. స్పానిష్‌కు అక్కడ వాడుకలో ఉన్న 'కస్తెల్యానో' అన్న పేరులోని తొలి ముక్కను, యిడ్డిష్‌కు ఆ దేశంలో స్థిరపడిన 'ఈడిష్' అన్న రూపానికి అతికించగా ఏర్పడిన మాట ఇది. మొదటిదానికి కాస్టీల్ సీమ భాష అనీ, రెండోదానికి యూదులది అనీ అర్థం కనుక, ఒక సీమ పేరూ ఒక జాతి పేరూ ఇందులో ఒదిగాయి. దేశం పేరుతో వచ్చిన 'ఎస్పాన్యోల్'ను కాక, అక్కడి ఇళ్లలో, వీధుల్లో వినిపించే పేరునే ఎంచుకోవడాన్ని బట్టి, ఇది ఆ రెండు భాషల నడుమ బతికినవారి మాట అని తోస్తుంది.

దీన్ని లాడినోగా పొరబడకూడదు. 1492లో స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడిన యూదులు తమ వెంట తీసుకుపోయిన పాత స్పానిష్ నుంచి వచ్చినది లాడినో. యిడ్డిష్ దారి వేరు: అది జర్మన్ మాండలికాల పునాదిపై హీబ్రూ, అరమాయిక్, స్లావ్ పదాలను కలుపుకొని పెరిగి, హీబ్రూ లిపిలో రాయబడే భాష. 1889లో 'వేజర్' అనే ఓడలో ఎనిమిది వందల మందికి పైగా యూదులు రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చి మొయిసెస్ విల్ అనే వ్యవసాయ గ్రామాన్ని స్థాపించడంతో, అర్జెంటీనాలో ఈ భాషకు గట్టి చోటు దొరికింది.

ఈ కలయిక ఎంత సహజంగా జరిగిందో 'క్వెంతెనిక్' అనే ఒక్క మాట చాటుతుంది. ఇంటింటికీ తిరిగి బట్టలూ గృహోపకరణాలూ వాయిదాల మీద అమ్మి, బాకీలను పుస్తకంలో రాసుకొనే యూదు వర్తకుడికి అది పేరు. ఖాతా అనే అర్థమున్న స్పానిష్ 'క్వెంత'కు, మనిషిని సూచించడానికి యిడ్డిష్ స్లావ్ భాషల నుంచి తెచ్చుకొన్న 'నిక్' అనే ప్రత్యయం చేరి ఆ మాట ఏర్పడింది. తెలుగు 'గుత్త'కు పారశీక 'దారు' చేరి 'గుత్తేదారు' అయిన తీరు కూడా ఇటువంటిదే. పొరుగువారితో నిత్యం లావాదేవీ ఉన్నచోట ప్రత్యయాలు సైతం ఇల్లు మారుతాయి.

ఈ మాటతీరును వేదికకెక్కించిన కళాకారుడు ఖేవెల్ కాట్స్. విల్నా నగరంలో 1902లో పుట్టి, 1930లో అర్జెంటీనా చేరిన ఆయన, 1940లో మరణించేలోగా, వలసవచ్చినవారి దైనందిన జీవితాన్ని రెండు భాషలూ పెనవేసిన హాస్యగీతాలుగా మలిచాడు. ఆ పాటల్లో యిడ్డిష్ వాక్యం నడుమ స్పానిష్ మాట తటాలున పలకడమే హాస్యానికి ఆయువుపట్టు కనుక, రెండింటిలో ఏది తెలియకపోయినా ఆ నవ్వు పూర్తిగా అందదు.