ఆదిలోనే హంసపాదు పడితే...

ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉందంటే తార్నాక, హబ్సిగూడ దారంతా సందడే. బౌద్ధనగర్, వారాసిగూడ, సీతాఫల్‌మండి గల్లీల నుంచి కుర్రాళ్లు జెర్సీలు తొడుక్కుని బయలుదేరతారు. మన జట్టు మొదటి మ్యాచ్ ఓడితే ‘ఇంకా బోలెడున్నాయిలే’ అంటారు. రెండోది ఓడితే కెప్టెన్‌ను తిడతారు. మూడోదీ ఓడితే టీవీ కట్టేస్తారు. 2008లో తొలి ఐపీఎల్‌లో డెక్కన్ చార్జర్స్ 14 మ్యాచ్‌లాడి రెండే గెలిచింది. అట్టడుగున నిలిచింది. 2009లో దక్షిణాఫ్రికాలో అదే జట్టు కప్పు గెలవగానే ‘మనవాళ్లు’ అన్నవారికి లెక్కలేదు.

గెలిచాక ‘మనవాళ్లు’ అనడానికి విశ్వాసం అక్కర్లేదు. ఓడుతున్నవాళ్లను ‘మనవాళ్లు’ అనడానికే అది కావాలి.

ఆరంభం చెడితే ‘ఆదిలోనే హంసపాదు’ అంటాం. రాతలో ఒక అక్షరం జారిపోయినప్పుడు, దాన్ని ఎక్కడ చేర్చాలో చూపేందుకు పెట్టే గుర్తు హంసపాదు. తప్పు జరిగిందని చెబుతుంది కానీ, కాగితం చింపేయమని చెప్పదు. జారిన అక్షరానికి ఇక్కడ చోటుందని చెబుతుంది. బైబిలు చెప్పే నిరీక్షణ కూడా ఇలాంటిదే.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మన మహిళల హాకీ జట్టును గుర్తు చేసుకోండి. చిత్తూరు జిల్లా ఆడపడుచు ఎతిమర్పు రజని అదనపు గోల్‌కీపర్‌గా ఎంపికైన జట్టది. జూలై 24న నెదర్లాండ్స్ చేతిలో 1-5తో, 26న జర్మనీ చేతిలో 0-2తో, 28న బ్రిటన్ చేతిలో 1-4తో వరుసగా ఓడారు. మూడు మ్యాచ్‌ల్లో 11 గోల్స్ సమర్పించుకున్నారు. ఇక వీళ్ల పని అయిపోయిందని దేశమంతా అనుకుంది. 30న ఐర్లాండ్‌పై 57వ నిమిషంలో నవనీత్ కౌర్ కొట్టిన ఒక్క గోల్‌తో గెలిచారు. 31న దక్షిణాఫ్రికాపై వందనా కటారియా హ్యాట్రిక్‌తో 4-3తో నెగ్గారు. అప్పటికీ క్వార్టర్ ఫైనల్ వాళ్ల చేతుల్లో లేదు. అదే రోజు బ్రిటన్‌పై ఐర్లాండ్ గెలవకుండా ఉంటే తప్ప దారి లేదు. చేయగలిగింది చేసి, చేతిలో లేనిదాని కోసం ఎదురుచూశారు. బ్రిటన్ గెలిచింది. ఆగస్టు 2న మూడుసార్లు ఒలింపిక్ విజేత అయిన ఆస్ట్రేలియాను గుర్జీత్ కౌర్ గోల్‌తో ఓడించి, మన అమ్మాయిలు తొలిసారి ఒలింపిక్ సెమీఫైనల్ చేరారు.

కథ ఇక్కడ ఆపితే వినడానికి బాగుంటుంది. కానీ అది ఇక్కడ ఆగలేదు. సెమీస్‌లో అర్జెంటీనా చేతిలో 1-2తో ఓడారు. ఆ సాయంత్రం హరిద్వార్ దగ్గర వందన ఇంటి ముందు కొందరు టపాసులు కాల్చి, కులం పేరుతో దూషించారని ఆమె కుటుంబం పోలీసులకు ఫిర్యాదు చేసింది. జట్టు గెలిస్తే దేశం బిడ్డ, ఓడితే ఫలానా కులం బిడ్డ! ఆ ఏడాది మే నెలలో తండ్రి చనిపోతే, శిక్షణ శిబిరంలో ఉండి కడచూపుకు కూడా వెళ్లలేకపోయిన కూతురామె. రెండు రోజుల తర్వాత, ఆగస్టు 6న కాంస్య పతకం కోసం మళ్లీ మైదానంలోకి దిగింది, గోల్ కూడా కొట్టింది. అయినా జట్టు 3-4తో ఓడింది. నాలుగో స్థానం. పతకం లేదు.

కాబట్టి ‘ఓపిక పడితే చివరికి గెలుపు మనదే’ అని ఈ కథతో ప్రసంగం చెప్పలేం. బైబిలు కూడా అలా చెప్పదు. అంజూరపు చెట్టు పూయకపోయినా, ద్రాక్షచెట్లు ఫలించకపోయినా, శాలలో పశువులు లేకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తానన్నాడు హబక్కూకు (హబక్కూకు 3:17,18). వచ్చే ఏడు పంట తప్పక పండుతుందని ఆయన అనలేదు. కనబడేదాని కోసం ఎదురుచూడటం నిరీక్షణే కాదంటాడు పౌలు (రోమా 8:24). లోకం చెప్పే ఆశావాదం స్కోరుబోర్డు మీద ఆధారపడుతుంది. విశ్వాసి నిరీక్షణ దేవుని మనసు మీద ఆధారపడుతుంది.

ఆ మనసు ఎలాంటిదో ప్రభువు ఒక ఉపమానంలో చూపించాడు. మూడేళ్లుగా కాయని అంజూరపు చెట్టును నరికేయమంటాడు యజమాని. తోటమాలి మాత్రం ఒక్క ఏడాది గడువు అడుగుతాడు (లూకా 13:6-9). ఊరికే అడగడు. చుట్టూ తవ్వి, ఎరువు వేస్తానంటాడు. నిరీక్షణ ఉన్నవాడి చేతికి మట్టి అంటుతుంది.

మార్కు అనే యోహాను సంగతి చూడండి. పౌలు, బర్నబాలతో మొదటి సువార్త ప్రయాణానికి బయలుదేరాడు. పంఫూలియలోని పెర్గే దాకా వచ్చి, వాళ్లను విడిచి యెరూషలేముకు తిరిగిపోయాడు (అపొ. 13:13). ఆదిలోనే హంసపాదు. రెండోసారి అతణ్ని తీసుకెళ్లడానికి పౌలు ససేమిరా అన్నాడు. బర్నబా వదల్లేదు. ఆ వాదంలో ఇద్దరు దైవజనులు విడిపోయారు. బర్నబా మార్కును వెంటబెట్టుకుని కుప్రకు ఓడెక్కాడు (అపొ. 15:37-39). ఏళ్లు గడిచాక చెరసాలలో ఉన్న పౌలే, మార్కు పరిచర్యకు ప్రయోజనకరమైనవాడు, వెంటబెట్టుకు రమ్మని తిమోతికి రాశాడు (2 తిమోతి 4:11). రెండో సువార్త రాసింది ఈ మార్కేనని సంఘం తొలినాళ్ల నుంచీ నమ్ముతోంది. ఒక్క బర్నబా ‘వీడు మనవాడే’ అనకపోతే ఏమయ్యేదో!

మన సంఘాల్లో ఇప్పుడు మార్కులు ఎవరు? ఉస్మానియా క్యాంపస్‌లో చెట్ల కింద పుస్తకాలు పట్టుకుని కూర్చున్న పిల్లల్ని అడగండి. 2022 అక్టోబరులో వాళ్లు రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపరు లీకేజీ వల్ల రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే హైకోర్టు తీర్పుతో అదీ రద్దయింది. తమ తప్పు లేకుండానే రెండుసార్లు మొదటికొచ్చారు. ఊళ్లో అమ్మానాన్నలు కూలిడబ్బుల్లోంచి హాస్టల్ ఖర్చులు పంపుతూనే ఉన్నారు. పండక్కి ఇంటికి వెళితే ‘ఇంకా రాలేదా ఉద్యోగం?’ అనే ప్రశ్న.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వస్తుంది. ఉద్యోగం వచ్చినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు, సీటు వచ్చినవాళ్లు ముందుకొచ్చి దేవుణ్ని స్తుతిస్తారు. మంచిదే. కానీ ఏమీ రానివాళ్లు చివరి వరుసలో తలొంచుకుని కూర్చుంటారు. కొన్ని వారాలకు ఆ వరుసలోనూ కనబడరు. వాళ్లు రావడం మానేశారని మనం గమనించడానికి ఎన్ని ఆదివారాలు పడుతోంది? ఏడ్చేవారితో ఏడవమన్న వాక్యం (రోమా 12:15) ఏ వరుసలో కూర్చున్నవాళ్ల గురించి?

ఈ వారం అలాంటి ఒక్కరికి ఫోన్ చేయండి. ‘ఈసారి తప్పక వస్తుందిలే’ అనకండి, అది మనకు తెలియదు. ‘భోజనానికి ఇంటికి రా’ అనండి. పరీక్ష ఫీజుకు ఇబ్బంది పడుతుంటే కట్టండి. ఉద్యోగం ఊసెత్తకుండా పక్కన కూర్చోండి. ఓడినవాడి కులాన్నో, తెలివినో, విశ్వాసాన్నో తప్పుపట్టే మాట మీ ఇంట్లో వినబడితే అక్కడే ఆపండి. చుట్టూ తవ్వి ఎరువు వేయడమంటే ఇదే.

పేతురు బొంకకముందే, అతని నమ్మిక తప్పిపోకుండా ప్రభువు ప్రార్థన చేశాడు (లూకా 22:32). అతను పడిపోతాడని తెలుసు. తెలిసే ప్రార్థించాడు. తిరిగి లేచాక సహోదరులను స్థిరపరచమని పని కూడా అప్పగించాడు. ఓటమికి ముందే మనల్ని ‘నావాళ్లు’ అన్న ప్రభువు మనకున్నాడు. ఆయన మాట మార్చలేదు.