చిటికెడు లోహం... సముద్రం దాటే వెలుగు

అమెరికాలో ఉన్న మనవడు తెర మీద కేరింతలు కొడుతుంటే ఇక్కడ అమ్మమ్మ మురిసిపోతుంది. ఆ నవ్వులు ఉపగ్రహాల మీదుగా వస్తున్నాయనుకుంటారు చాలామంది. నిజానికి అవి ఎక్కువగా వచ్చేది సముద్రం అడుగునుంచి. వెంట్రుకంత సన్నని గాజు పోగులో, కంటికి కనిపించని పరారుణ కాంతి రూపంలో!

అయితే ఇక్కడో చిక్కుంది. గాజు ఎంత స్వచ్ఛమైనదైనా 50 కిలోమీటర్లు వెళ్లేసరికి ఆ వెలుగులో మిగిలేది పదోవంతే. 100 కిలోమీటర్లకు నూరోవంతు. 500 కిలోమీటర్ల దగ్గర చూస్తే వెయ్యి కోట్లలో ఒక వంతు! మరి వేల కిలోమీటర్ల సముద్రాన్ని ఎలా దాటుతోంది? దారి పొడవునా అక్కడక్కడా గాజే దానికి కొత్త బలాన్నిస్తోంది. ఆ గాజులో కలిపిన ఎర్బియం అనే లోహమే అందుకు కారణం.

రంగు వేరు... వెలుగు వేరు

గాజులో లోహాలు కలపడం కొత్తేమీ కాదు. నీలిరంగు గాజుకు ఆ అందం తరచూ కోబాల్ట్ వల్లే వస్తుంది. కానీ కోబాల్ట్ మిగతా రంగుల్ని మింగేసి వేడిగా మార్చేస్తుంది. తిరిగి వెలుగివ్వదు. మింగినదాన్ని మళ్లీ వెలుగుగా తిరిగిచ్చే గాజులు వేరే ఉన్నాయి. 1830ల్లో బొహీమియాలో జోసెఫ్ రీడల్ యురేనియం కలిపి పసుపు, ఆకుపచ్చ గాజు పాత్రలు చేశాడు. అతినీలలోహిత కాంతి పడితే అవి పచ్చగా మెరుస్తాయి. ఇలాంటి మెరుపుల్ని పరిశీలించిన జార్జ్ స్టోక్స్ 1852లో దీనికి ‘ఫ్లోరసెన్స్’ అని పేరు పెట్టాడు.

ఇంతకీ ఆ వెలుగు ఎక్కడిది? లోహంలోని ఎలక్ట్రాన్లది. బయటినుంచి కాంతి తగిలితే ఎలక్ట్రాన్ ఓ మెట్టు పైకెక్కుతుంది. కిందికి దిగేటప్పుడు ఆ శక్తిని కాంతిగా విడిచిపెడుతుంది. ఏ రంగు వస్తుందన్నది మెట్ల మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది.

ఎర్బియం ప్రత్యేకత ఏమిటంటే, ఈ మెట్లెక్కే ఎలక్ట్రాన్లు లోపలి వరుసలో ఉంటాయి. బయటి వరుస ఎలక్ట్రాన్లు వాటికి ప్రహరీగోడలా అడ్డుంటాయి. అందుకే చుట్టూ ఎలాంటి గాజు ఉన్నా వాటి మెట్లు పెద్దగా మారవు. 980 నానోమీటర్ల లేజర్ కాంతి ఇస్తే ఎలక్ట్రాన్ పైకెక్కి, వెంటనే కాస్త దిగి, మధ్య మెట్టు మీద ఆగుతుంది. ఆగేది సెకనులో సుమారు నూరోవంతే. పరమాణువుల లోకంలో అదో యుగం! ఈలోగా 1,550 నానోమీటర్ల సందేశం అటుగా వస్తే, ఆ ఎలక్ట్రాన్ అచ్చం అదే కాంతిని విడుదల చేస్తూ దిగిపోతుంది. బడిలో ఒక పిల్లాడు ఎక్కం మొదలెడితే క్లాసంతా గొంతు కలిపినట్టు, నీరసించిన వెలుగు మళ్లీ పుంజుకుంటుంది.

ఎర్బియం ఎక్కువైనా ప్రమాదమే. పక్కపక్కనే ఉంటే అయాన్లు తమలో తామే శక్తిని పంచుకుని వృథా చేస్తాయి. అందుకే పది లక్షల పాళ్లలో కొన్ని వందల పాళ్లు మాత్రమే కలుపుతారు.

మలుపు తిప్పిన 1987

గాజుతో మొదటి లేజర్ చేసింది అమెరికాకు చెందిన ఎలియాస్ స్నిట్జర్. 1961లో నియోడిమియం కలిపిన గాజుతో సాధించాడు. కానీ ఎర్బియం పోగుతో టెలిఫోన్ కాంతిని పెంచవచ్చని 1987లో నిరూపించింది ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం. అదే ఏడాది అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఎమాన్యుయేల్ డెసుర్వైర్ కూడా దారి చూపాడు.

ఎర్బియం సముద్ర కేబుళ్లలోకి రాకముందు కథ వేరు. 1988లో అట్లాంటిక్ కింద వేసిన మొదటి ఆప్టికల్ కేబుల్ టాట్-8లో కాంతిని విద్యుత్తుగా మార్చి, సరిచేసి, మళ్లీ కాంతిగా మార్చి పంపేవారు. వేగం పెంచాలంటే సముద్రం అడుగున ఉన్న యంత్రాలే మార్చాలి. 1996లో వచ్చిన టాట్-12/13లో ఎర్బియం ఆ పని చేసింది. ఒకే పోగులో వెళ్లే ఎన్నో రంగుల సందేశాలను ఒక్కసారే పెంచడం దీనివల్ల సాధ్యమైంది. ఇంటర్నెట్ చవకవడానికి ఇదీ ఓ కారణం.

తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ ఎర్బియం కుటుంబానికి చెందిన లోహాలు కలిపిన గాజులపై దశాబ్దాలుగా పరిశోధనలు జరిగాయి. పొడులు కలిపి, కొలిమిలో కరిగించి, అచ్చులో పోసి, చల్లారిన గాజు ఏ రంగు ఎంతసేపు ఇస్తుందో కొలవడమే అక్కడి పని.

తేలని చిక్కుముడి

ఎర్బియానికీ ఓ హద్దుంది. అది బాగా పెంచేది సుమారు 1,530 నుంచి 1,625 నానోమీటర్ల కాంతినే. గాజు పోగు మాత్రం 1,260 నుంచే దారి ఇస్తుంది. ఆ ఖాళీ దారిని వాడుకోవడానికి దొరికింది బిస్మత్. కొన్ని కడుపు మంట మందుల్లో ఉండే లోహమే! దీన్ని కలిపిన సిలికా గాజు పరారుణ కాంతినిస్తుందని 2001లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిమోతో, నకత్సుకా ప్రకటించారు. 2005లో మాస్కోలో యెవ్‌గెనీ డియానోవ్ బృందం బిస్మత్ పోగుతో లేజర్ చేసి చూపింది.

కానీ ఆ వెలుగు ఎవరిదన్నది నేటికీ వాదనే. బిస్మత్ బయటి ఎలక్ట్రాన్లకు ప్రహరీ లేదు. గాజు మారితే వెలుగూ మారుతుంది. ఎలక్ట్రాన్లు తక్కువ పోగొట్టుకున్న బిస్మత్ అయాన్‌దని కొందరు, రెండు మూడు పరమాణువుల జట్టుదని కొందరు, పక్కనున్న గాజు లోపంతో కలిసి వచ్చేదని ఇంకొందరు అంటారు. కలిపిన బిస్మత్‌లో వెలుగిచ్చేది కొద్ది భాగమే. మిగతాది ఊరికే కూర్చుంటుంది, పైగా కాంతిని కొంత మింగేస్తుంది. వెలుగిచ్చేది ఎవరో తేలితేనే దాన్ని మాత్రమే ఎక్కువగా ఉండేలా గాజును తయారు చేయగలరు. అప్పుడు, ఇప్పటికే నేలలో పాతిన పోగుల్లోనే మరెన్నో రెట్ల సమాచారం పంపవచ్చు. కొత్తగా రోడ్లు తవ్వే పని లేకుండానే!