నేలకు తగ్గ విత్తు, వాల్వు సెట్టుకు తగ్గ పికప్పు

పత్తి మొదటి తీతలు పూర్తయి నాలుగు డబ్బులు చేతికి అందేసరికి డిసెంబరు వస్తుంది. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పల్లెల్లో చర్చి పాటల బృందాలు క్రిస్మస్‌కు సాధన మొదలుపెట్టేది కూడా అప్పుడే. హార్మోనియం, డోలక్‌ల పక్కన ఎలక్ట్రిక్ గిటారు చేరిన ఊళ్ళు లేకపోలేదు. పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు పాడే ఆర్కెస్ట్రాల సంగతి చెప్పనే అక్కరలేదు.

గిటారు పట్టిన కుర్రవాళ్ళలో కొందరికి వాల్వు ఆంప్లిఫయర్ మీద మోజు. అటక మీది పాత సెట్టును దులిపి బాగుచేయించేవారు కొందరైతే, పాత నమూనాలో కొత్తగా చేసిన సెట్టును కొనేవారు మరికొందరు. ఆ తరువాత గిటారుకు "పవర్ ఎక్కువ" అని పేరున్న పికప్పు వేయిస్తారు. తీరా వాయిస్తే బుర్రుమని రొద తప్ప స్వరం తేటగా పలకదు. సెట్టు పాడైందని మెకానిక్కును నిలదీస్తారు. చాలాసార్లు సెట్టులో లోపం ఉండదు. పికప్పులోనూ ఉండదు. రెండింటికీ పొసగకపోవడమే అసలు చిక్కు.

పికప్పు అంటే?

గిటారు తీగల కింద పెట్టిన చిన్న పెట్టె పికప్పు. అందులో అయస్కాంతాలు, వాటి చుట్టూ తలవెంట్రుక కన్నా సన్నని రాగి తీగ 7, 8 వేల చుట్లు ఉంటాయి. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత బలం అటూఇటూ ఊగి, రాగి చుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. ఆంప్లిఫయర్ దానినే పెద్దది చేస్తుంది. పికప్పు వినేది ఉక్కు కదలికను మాత్రమే. వట్టి ఇత్తడి తీగకు ఇది పనికిరాదు.

ఈ పికప్పు మహిమ తెలుగువారికి కొత్తదేమీ కాదు. పాలకొల్లులో 1969లో పుట్టి, 2014లో కన్నుమూసిన మాండలిన్ శ్రీనివాస్ లోకమంతటికీ వినిపించింది ఎలక్ట్రిక్ మాండలిన్ నాదమే. మామూలు మాండలిన్ మీద నిలవని గమకం, పికప్పు అండతో ఆయన చేతిలో సాగి నిలిచింది.

పాత సెట్టు తీరు

ట్రాన్సిస్టర్ రాకముందు రేడియోలు, మైకు సెట్లు అన్నీ వాల్వులతోనే పనిచేసేవి. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961 నుంచి మన దేశంలోనే రేడియో వాల్వులు తయారు చేసింది. ఆ తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు కొత్త వాల్వులు ప్రధానంగా రష్యా, స్లోవేకియా, చైనాల నుంచి వస్తున్నాయి.

వాల్వుకు ఒక గుణం ఉంది. మోయలేనంత బరువు పడితే ట్రాన్సిస్టర్ ఒక్కసారిగా తెగ్గొట్టినట్లు కరకుగా పలుకుతుంది. వాల్వు మాత్రం మెల్లమెల్లగా గరగరలోకి దిగుతుంది. వేలితో నెమ్మదిగా మీటితే తేటగా, గట్టిగా మీటితే కొంచెం గర్జనగా వినిపిస్తుంది. గిటారు వాయించేవారు ఇష్టపడేది ఈ గుణాన్నే. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1950 దశకంలో చేసిన సెట్లకు, వాటిలో ఒకదానిని చూసి లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో 1962లో చేసిన సెట్టుకు ఇప్పటికీ గిరాకీ తగ్గకపోవడానికి కారణం ఇదే.

ఆ సెట్లను తయారుచేసిన కాలంలో పికప్పులు మెత్తనివి. లోపల మొదటి వాల్వు ఆ కొద్దిపాటి విద్యుత్తును మోయడానికే ఏర్పాటైంది. ఈనాటి ఘాటైన పికప్పును దానికి తగిలిస్తే, మొదటి వాల్వు దగ్గరే స్వరం చెదిరిపోతుంది. తరువాత ఎంత బిగ్గరగా పెట్టినా చెదిరిన స్వరమే పెద్దదవుతుంది.

ఘాటైనదే మేలైనదని అనుకోవడం ఎంత నష్టమో పత్తి రైతుకు వేరే చెప్పాలా? 1987 ప్రాంతంలో పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడినప్పుడు, మందు మీద మందు కొట్టినకొద్దీ దోమ పెరిగిందే కాని తగ్గలేదు. పికప్పు విషయంలో పోయేది పంట కాదు, పాట. కష్టపడి కూడబెట్టిన డబ్బు మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఏ పికప్పు ఎవరికి?

పికప్పులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకే రాగి చుట్ట ఉన్నది సింగిల్ కాయిల్. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారులో ఉన్నవి ఇవే. స్వరం గలగలమని తేటగా ఉంటుంది. అయితే కరెంటు రొదను కూడా పట్టుకుంటుంది. ట్యూబులైటు చోకు, మోటారు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరలో ఉంటే గుంయ్‌మని మోగుతూనే ఉంటుంది.

రెండవది హంబకర్. గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ 1955లో దీనికి పేటెంటు కోరారు. 1957 నుంచి గిటార్లలో వచ్చింది. ఇందులో రెండు చుట్టలు, ఒకదానికొకటి ఎదురుగా పనిచేసేట్లు ఉంటాయి. బయటి రొద రెండింటిలోనూ పుట్టి ఒకదానినొకటి కొట్టేసుకుంటుంది. తీగ స్వరం మాత్రం కలిసి బలపడుతుంది. పలుకు కొంచెం బొద్దుగా, నిండుగా ఉంటుంది.

దుకాణంలో అడగవలసిన మొదటి అంకె పికప్పు ఎన్ని కిలో ఓములన్నది. మెకానిక్కు దగ్గర ఉండే మల్టీమీటరుతోనే కొలవవచ్చు. పాత తరహా సింగిల్ కాయిల్ సుమారు 6 కిలో ఓములు, పాత తరహా హంబకర్ 7 నుంచి 9 కిలో ఓముల దాకా చూపిస్తాయి. 14, 16 చూపిస్తే అది ఘాటైన రకమని ఊహించవచ్చు. చుట్లు పెరిగినకొద్దీ బలం పెరుగుతుంది, పై స్వరాల తేటదనం తగ్గుతుంది. అయితే తీగ మందం, అయస్కాంతం రకాన్ని బట్టి లెక్క మారుతుంది కనుక ఈ అంకె గురుతు మాత్రమే, కొలబద్ద కాదు. అయస్కాంతం ఆల్నికోదైతే మెత్తన, సిరామిక్‌దైతే సాధారణంగా కరకు.

చర్చి కీర్తనలకు, భజనలకు, సినిమా పాటలకు వెనక తోడుగా వాయించేవారికి గాయకుని మాట వినపడడమే ముఖ్యం. అటువంటివారికి 6 నుంచి 8 కిలో ఓముల ఆల్నికో పికప్పు చాలు. మంటపంలో కరెంటు రొద ఎక్కువగా ఉంటే పాత తరహా హంబకర్ మేలు. గిటారు స్వరాన్ని ముక్కలు చేసి గర్జించేట్లు వాయించదలచినవారికి మాత్రమే ఘాటైన రకంతో పని.

మైకు సెట్టుకు తగిలించేటప్పుడు

గిటారు కోసం చేసిన సెట్టు వేరు, ఊళ్ళో అద్దెకిచ్చే పాత వాల్వు మైకు సెట్టు వేరు. మైకు సెట్టులో మైకు రంధ్రం చాలా చిన్న విద్యుత్తు కోసం ఏర్పాటు చేసినది. అందులో గిటారు పెడితే మెత్తని పికప్పు కూడా చెదిరిపోవచ్చు. తక్కువ ఓముల మైకుకు చేసిన రంధ్రమైతే గిటారు మూగబోతుంది. గ్రామఫోను కోసం ఇచ్చిన రంధ్రంలో పెట్టి చూడడం మంచిది. అక్కడ సింగిల్ కాయిల్ బలం చాలకపోవచ్చు, హంబకర్ సరిపోతుంది. అంటే ఒకే పికప్పు ఒక సెట్టుకు ఎక్కువ, మరొక సెట్టుకు తక్కువ కావచ్చు. ఇనుప గొట్టం స్పీకరు మందర స్వరాలను మింగేస్తుంది కనుక గిటారుకు పెట్టె స్పీకరే నయం.

కొనేముందు ఖర్చు లేని పనులు

కొత్త పికప్పుకు డబ్బు పోసేముందు చేయవలసినవి నాలుగు ఉన్నాయి. పికప్పు పక్కనున్న మరలు తిప్పి దానిని తీగల నుంచి 1, 2 మిల్లీమీటర్లు కిందికి దించాలి. బలం తగ్గి స్వరం తేటపడుతుంది. గిటారు మీది వాల్యూమును కొంచెం తగ్గించి వినాలి. పొడవైన వైరు పై స్వరాలను మింగుతుంది కనుక పొట్టి వైరు వాడాలి. సెట్టులో మొదటి వాల్వు పాతబడి ఉంటే మార్పించి చూడాలి. ఈ నాలుగింటితోనే చాలామంది సమస్య తీరిపోతుంది.

ప్రాణంతో చెలగాటం వద్దు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎర్తు. గిటారు ఉక్కు తీగలు వైరు ద్వారా సెట్టు ఇనుప పెట్టెకు కలిసి ఉంటాయి. సెట్టులోకి 230 ఓల్టుల కరెంటు లీకైతే అది నేరుగా వేళ్ళకు వస్తుంది. గిటారు పట్టుకున్న చేయి, మైకును తాకిన పెదవి, ఈ రెండింటి మధ్య గుండె ఉంది. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారు విద్వాంసుడు వేదిక మీదే, ఎర్తు లేని మైకును తాకి ప్రాణం పోగొట్టుకున్నాడు.

పాత సెట్లు చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్గులే ఉంటాయి. వాటికి మూడు పిన్నుల వైరు వేయించి, మూడవదానిని సెట్టు పెట్టెకు గట్టిగా బిగించాలి. ప్లగ్గు పెట్టే చోట ఎర్తు నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించాలి. పందిట్లో కొక్కెం తగిలించి తెచ్చిన కరెంటుతో గిటారు వాయించరాదు. తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి అసలే వాయించరాదు. గుంయ్‌మనే రొద తగ్గుతుందని ఎర్తు వైరు కత్తిరించడం ఉరితాడు తానే పేనుకోవడం వంటిది.

సెట్టు మూత తెలియనివారు విప్పరాదు. స్విచ్ ఆపి ప్లగ్గు పీకిన తరువాత కూడా లోపలి కండెన్సర్లలో 300, 400 ఓల్టులు నిలిచి ఉండవచ్చు. స్పీకరు తగిలించకుండా వాల్వు సెట్టు వేయడం కూడా తప్పే. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. పాత సెట్టుకు దానిని మళ్ళీ సంపాదించడం కష్టం.

దుకాణానికి వెళ్ళేటప్పుడు గిటారుతో పాటు సెట్టును కూడా ఆటోలో వేసుకు వెళ్ళడం మంచిది. తమ సెట్టులో, తమ చేతితో వాయించి విన్న తరువాతే డబ్బు లెక్కపెట్టాలి. పక్క చేలో పండిందని విత్తనం తెచ్చినవాడు తన నేలను కూడా ఒకసారి చూసుకోవాలి కదా!