గుండు కొట్టించుకుంటే కెమెరా పోల్చుకుంటుందా?

తిరుమలలో దర్శనం కోసం వైకుంఠం కంపార్టుమెంట్లలో కూర్చున్న జనం మాట్లాడుకోని విషయం ఉండదు. 2025 సెప్టెంబరు 25న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అక్కడే ఏఐతో నడిచే కమాండ్ కంట్రోల్ సెంటర్‌ను ప్రారంభించాక ఆ కబుర్లలోకి ఏఐ కూడా వచ్చి చేరింది. దాని మీద భయాలూ ఎక్కువే, ఆశలూ ఎక్కువే.

అపోహ: "మిషన్లు వచ్చేసినాయి గదప్పా, ఇంక గంటలో దర్శనం!"

వాస్తవం: లెక్క వేసి చూడండి. రోజుకు 70 వేల మంది అనుకుంటే, గుడి 20 గంటలు తెరిచే ఉన్నా సెకనుకొకరు చొప్పున స్వామి ముందు నుంచి కదలాలి. బంగారువాకిలిని ఏ కంప్యూటరూ వెడల్పు చేయలేదు. గర్భగుడి గడప అయిన కులశేఖర పడి దగ్గరికి పోయి చూసే భాగ్యం తగ్గి, కొంత దూరం నుంచి చూసే లఘు దర్శనం, ఆపైన ఇంకా దూరం నుంచి చూసే మహాలఘు దర్శనం వచ్చింది ఈ లెక్క వల్లే. కెమెరాలు చెప్పగలిగింది వేరు: ఏ కంపార్టుమెంటులో ఎందరున్నారు, బయట లైను ఎందాక పోయింది, ఇప్పుడు చేరినవాళ్లకు ఎంతసేపు పడుతుంది. అదేమంత చిన్న మేలు కాదు. పన్నెండు గంటలని ముందే తెలిస్తే చంటిబిడ్డ తల్లి పాలు, గుడ్డలు సర్దుకుని మరీ లోపలికి వస్తుంది.

అపోహ: తలనీలాలు ఇచ్చేశాక ముఖం కలవదు.

వాస్తవం: 2023 మార్చి 1న టీటీడీ సర్వదర్శనంలోనూ గదుల కేటాయింపులోనూ ముఖాన్ని పోల్చే పద్ధతిని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. గదులు దళారుల చేతుల్లో పడకూడదని, డిపాజిట్టు సొమ్ము గది తీసుకున్నవాళ్లకే చేరాలని. కల్యాణకట్టలో జుట్టు, మీసం, గడ్డం అన్నీ పోయినా, గంధం పూసుకున్నా, సాఫ్ట్‌వేర్ ప్రధానంగా చూసేది కళ్లు, ముక్కు, నోరు ఉన్న తీరునే. కాబట్టి చాలావరకు కలుస్తుంది.

ఆ 'చాలావరకు' దగ్గరే అసలు సంగతుంది. యంత్రం "ఈయనే" అని చెప్పదు, ఇంత పోలిక ఉందని ఒక అంకె ఇస్తుంది. ఎంత వస్తే ఒప్పుకోవాలో మనుషులే నిర్ణయిస్తారు. గీత పైన పెడితే అసలు భక్తుడు ఆగిపోతాడు, కింద పెడితే దళారి దూరిపోతాడు. జాతిని, వయసును, ఆడా మగా అనే తేడాను బట్టి చాలా సాఫ్ట్‌వేర్లలో తప్పులు మారుతున్నాయని 2019లో అమెరికా ప్రమాణాల సంస్థ పరీక్షల్లో తేలింది. గది కౌంటరులో తప్పు జరిగితే ఓ అరగంట తగువుతో పోతుంది. వేలమంది ముఖాల్లో దొంగను వెతికే చోట అదే తప్పు జరిగితే, పట్టుబడిన అమాయకుడికి ఆ రోజు దర్శనం సంగతి దేవుడెరుగు.

అపోహ: ఏఐ ఉంటే తొక్కిసలాటలు జరగవు.

వాస్తవం: 2025 జనవరి 8 రాత్రి ఆరుగురు చనిపోయింది కొండమీద కాదు, తిరుపతిలో, వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం. అస్వస్థతతో ఉన్న ఒకామెను బయటికి తేవడానికి గేటు తెరిస్తే జనం ఒక్కసారిగా తోసుకొచ్చారని అప్పట్లో వార్తలొచ్చాయి. రద్దీ పెరుగుతోందని కెమెరా హెచ్చరించవచ్చు. గేటు ఎప్పుడు తీయాలి, తాడు ఎక్కడ కట్టాలి అన్నది అక్కడ నిలబడ్డ మనిషి పని. ఆ ఏడాది డిసెంబరు 30న వచ్చిన వైకుంఠ ఏకాదశికి మొదటి మూడు రోజుల టోకెన్లను ఆన్‌లైన్‌లో ఈ-డిప్ ద్వారా ఇచ్చారు. కౌంటరు ముందు జనం గుమిగూడే అవసరమే లేకుండా చేసిన ఆ లాటరీకి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. ఫోను వాడటం రాని ముసలివాళ్ల సంగతేమిటన్నది వేరే ప్రశ్న, అదీ అడగాల్సిందే.

అపోహ: ముఖమే కదా, పోయేదేముంది?

వాస్తవం: పాస్‌వర్డు మార్చుకోవచ్చు, ముఖం మార్చుకోలేం. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. నా ఫొటో ఎన్నాళ్లుంచుతారు, ఇంకెవరికి ఇస్తారు అని ఎక్కడైనా సరే అడగడం అపచారమేమీ కాదు.

అపోహ: వాట్సాప్‌లో తిరిగే గర్భగుడి వీడియో నిజమే.

వాస్తవం: సినిమా సెట్టో, ఏఐ గీసిందో అయ్యుండే అవకాశమే ఎక్కువ. ఫోన్లన్నీ కౌంటర్లో ఇచ్చేసి లోపలికి పోయినవాళ్లలో దాన్ని తీసిందెవరో పంపినాయన్నే అడగండి.